చల్లారితే మామూలుగా పనిచేసే ఏటీవీ, గుట్ట మీదే ఎందుకు ఆగిపోతుంది?

ముందుగా ఒక మాట: ఇంజన్ విప్పించకండి. మెకానిక్‌కు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నా సరే, ఫోను చేసి ఒక వారం ఆగమనండి.

మీరు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు మళ్లీ చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. పద్మనాభం దగ్గర మీ జీడితోటలో తిరగడానికి పాత 200 సీసీ ఏటీవీ (గుట్టల్లో, మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) కొన్నారు. గాలితో చల్లబడే ఇంజన్, కార్బురేటర్, సెల్ఫ్ స్టార్టు, గేర్లు మార్చే పని లేని బెల్టు బండి. పొద్దున ఒక్క నొక్కుకే స్టార్టవుతుంది. ఇరవై నిమిషాలు బాగానే తిరుగుతుంది. తర్వాత తోట వెనక గుట్ట ఎక్కేటప్పుడు బలం తగ్గి, రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు చెట్టు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్ ప్లగ్ మార్చాడు, కార్బురేటర్ మార్చాడు, బ్యాటరీ మార్చాడు. ఇప్పుడు బోర్ చేయించాలంటున్నాడు, అంటే ఇంజన్ విప్పి సిలిండర్ లోపలి గోడ చెక్కించి కొత్త పిస్టన్, రింగులు వేయడం. సంక్రాంతికి మీ బావమరిది కుటుంబం వస్తోంది, అందరూ కలిసి గుట్టల్లో తిరగాలని మీ ఆశ.

నేను పదకొండేళ్లు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవల ఇంజన్లు చూశాను. తర్వాత తొమ్మిదేళ్లుగా భీమిలి వైపు ఒక రిసార్టులో ఆరు ఏటీవీల బాగోగులు నావే. మీరు చెప్పిన జబ్బు నాకు బాగా పరిచయం. దాని వల్ల నేను కూడా ఒకసారి డబ్బు తగలేశాను, ఆ కథ కింద చెబుతాను.

రింగులు అరిగిన ఇంజన్ ఇలా ప్రవర్తించదు. దానికి పొద్దున స్టార్టవడమే కష్టం, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, ఆయిల్ తరిగిపోతూ ఉంటుంది. అరిగిన రింగులు పది నిమిషాల నీడకు కొత్తవైపోవు కదా! మీ బండిలో ఏదో ఒకటి వేడికో, సమయానికో పాడై, విశ్రాంతికి బాగవుతోంది. అలా బాగయ్యేవి తక్కువే. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి, కరెంటు ఇచ్చే కాయిల్, పెట్రోలు పారే గొట్టం, వాల్వుల సందు. ఈ నాలుగింటిలో ఏదో తేల్చడానికి ఇంజన్ విప్పనక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. బండి మెకానిక్ దగ్గరకు చేరేసరికి చల్లారిపోతుంది. డాక్టరు గదిలోకి అడుగుపెట్టేసరికి జ్వరం తగ్గిపోయినట్టు, అక్కడ అన్నీ సవ్యంగానే కనబడతాయి. అందుకే ఆయన ఒక్కో సామాను మార్చుకుంటూ పోయాడు. ఆయన తప్పు పట్టను. ఆయనకు చూడటానికి ఏమీ మిగలలేదు. చూడవలసింది బండి ఆగిన చోటే, ఆగిన మొదటి రెండు నిమిషాల్లోనే. ఆ పని మీరే చేయాలి.

ఈసారి గుట్ట వైపు వెళ్లేటప్పుడు మంచిదైన పాత ప్లగ్ ఒకటి, ప్లగ్ పానా, స్క్రూడ్రైవర్, లోపలిది కనబడే చిన్న గాజు సీసా, ఒక గుడ్డ, తాగే నీళ్లు వెంట ఉంచుకోండి. ఒక్కరే వెళ్లవద్దు. బండి దగ్గి ఆగిందా, బ్రేకు వేసి, దిగి, ముందు పెట్రోలు మూత తిప్పండి. చెవి దగ్గర పెట్టి వినండి. సోడా సీసా తెరిచినప్పటిలా కాదు, దానికి తిరగబడినట్టు, గాలి లోపలికి పీల్చుకునే సన్నని 'సుయ్' మన్న చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. మూత వదులుగా బిగించి వెంటనే సెల్ఫ్ కొట్టండి. పది నిమిషాలు ఆగకుండానే స్టార్టయితే మీ బండికి వేడితో గొడవే లేదు. పెట్రోలు కిందికి దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలోని సన్న రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో గాలి పలచబడి పెట్రోలు దిగడం మానేస్తుంది. నిలబెట్టినప్పుడు గాలి మెల్లగా ఏదో సందులోంచి చొరబడి అంతా సర్దుకుంటుంది. మీరు అది చల్లారడం వల్ల అనుకుంటారు.

నా కథ ఇక్కడిదే. రిసార్టులో మూడో నంబరు బండి రోజూ ఇలాగే ఆగేది. కార్బురేటర్ విప్పి కడిగాను, తర్వాత కొత్తది వేశాను. కాయిల్ మార్చాను. వాల్వులు సరిచేశాను. మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం పెట్రోలు పోస్తూ మూత తిరగేసి చూస్తే, దాని లోపల నాలుగు మడతలు వేసిన పాల ప్యాకెట్టు కవరు ఉంది. వానకు నీళ్లు దిగకూడదని బండ్లు కడిగే కుర్రవాడు పెట్టాడు. పాపం, వాడు మంచి పనే చేశాననుకున్నాడు. మోటారు సైకిళ్ల మూతల కింద కూడా మనవాళ్లు వర్షాకాలం ఇలాగే పెడతారు, మీరూ చూసే ఉంటారు. కవరు తీసేశాక ఆ బండి ఇంకెప్పుడూ అలా ఆగలేదు. అప్పటి నుంచి నేను ఏ బండి ముట్టుకున్నా మొదట మూతే చూస్తాను. మీ మూత కింద కవరు లేకపోయినా, రంధ్రంలో ఎర్రమట్టి గట్టిపడి ఉండవచ్చు. నోటితో ఊది చూస్తే తెలిసిపోతుంది.

చప్పుడు రాలేదు, స్టార్టవలేదు. అప్పుడు మూత గట్టిగా బిగించి కరెంటు చూడండి. ఇంజన్‌లో ఉన్న ప్లగ్‌ను కదపవద్దు. దాని టోపీ మాత్రం లాగి, వెంట తెచ్చిన ప్లగ్‌కు తగిలించి, ఆ ప్లగ్ ఇనుప ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టండి. బ్రేకు పట్టుకోనిదే సెల్ఫ్ తిరగదు కాబట్టి ఇద్దరు ఉండాలి. టోపీని రబ్బరు మీదే పట్టుకోండి, లేకపోతే షాకు గట్టిగానే తగులుతుంది. పెట్రోలు గొట్టాలకు దూరంగా, ప్లగ్ చివర నీడ పడేలా చేయి అడ్డుపెట్టి చూడాలి. నీలంగా, చిటపటమంటూ వస్తే కరెంటు బాగున్నట్టు. పలచటి నారింజ రంగులో వచ్చినా, అసలు రాకపోయినా తప్పు అటువైపే.

అలాంటప్పుడు చేయవలసిన చిన్న పరీక్ష ఒకటుంది. గుడ్డను నీళ్లలో తడిపి పిండి కాయిల్ మీద చుట్టండి. ప్లగ్ వైరు వెనక్కు పట్టుకుని వెళితే కాయిల్ దొరుకుతుంది. రెండు నిమిషాలాగి మళ్లీ చూడండి. కరెంటు తిరిగి వస్తే కాయిల్ మార్చేయండి, ఇక ఆలోచించనక్కర్లేదు. లోపలి సన్న తీగ వేడికి సాగి ఒకచోట విడిపోతుంది, చల్లబడితే మళ్లీ తగులుతుంది. తడిగుడ్డకు లొంగకపోతే కాయిల్‌కు కరెంటు పంపే సీడీఐ డబ్బా కావచ్చు, ఎప్పుడు పంపాలో దానికి చెప్పే, మ్యాగ్నెట్ పక్కన ఉండే పల్సర్ కాయిల్ కావచ్చు. అది ఇంజన్ వేడిలోనే కూర్చుని ఉంటుంది కనుక దానికీ ఇదే జబ్బు వస్తుంది. వాటిని మల్టీమీటరుతో, ఒకసారి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి వేడిమీద కొలిపించండి. రెండు అంకెలూ పక్కపక్కన పెడితేనే అర్థం ఉంటుంది.

సముద్రం గాలి ఉన్న ఊళ్లో మరో సంగతి: సాకెట్లు విప్పి చూడండి, రాగి తీగ చివర పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. కదిలిస్తే కలిసేదీ విడిపోయేదీ అదే. పద్మనాభం తీరానికి కొంత ఎడంగానే ఉన్నా, మీ పాత బండి ఇంతకు ముందు ఎక్కడ తిరిగిందో మనకు తెలియదు. బీచ్‌లో అద్దెకు తిప్పిన బండి అయితే చిలుము ఖాయం.

కరెంటు బాగుందనుకోండి. అప్పుడు కార్బురేటర్ అడుగున ఉండే చిన్న స్క్రూ కింద గాజు సీసా పట్టి వదులు చేయండి. ఈ పని కరెంటు పరీక్ష తర్వాతే, సిగరెట్టు కాల్చేవాళ్లను దూరంగా పంపించాకే. కార్బురేటర్ గిన్నెలో నిలవ ఉన్నది దిగిపోయాక కూడా ధార ఆగకుండా వస్తుందా, చుక్కలుగా మారుతుందా? చుక్కలైతే పెట్రోలు కిందికి రావడం లేదు. ట్యాంకు కాక్ (పెట్రోలు కుళాయి) లోపలి జల్లెడ, మధ్యలో వేసిన ఫిల్టర్, సైలెన్సర్‌కు ఆనుకుని పోయే గొట్టం, ఇవి చూడాలి. కొన్ని బండ్లలో ఇంజన్ పీల్పుతో తెరుచుకునే కాక్ ఉంటుంది. అలాంటి దానిలో ఇంజన్ ఆగి ఉంటే ధార సహజంగానే ఆగిపోతుంది, సెల్ఫ్ కొడుతూ చూడాలి. దాని సన్న గొట్టం ఎక్కడ పగిలినా పెట్రోలు సరిగా రాదు.

సీసాను రెండు నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురుకు పట్టి చూడండి. అడుగున ముత్యాల్లా గుండ్రటి బొట్లు దొర్లుతుంటే అవి నీళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు అంతటా అదే. ఇథనాల్ తేమను తాగుతుంది. ఎక్కువ తాగితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు చేరిపోతాయి, పెట్రోలు పైన మిగులుతుంది. విశాఖ వానాకాలంలో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టిన బండికి ఇది రావచ్చు. వాడనప్పుడు కాక్ కట్టేసి, దానంతట అది ఆగిపోయేదాకా ఇంజన్ నడపండి. కార్బురేటర్ ఖాళీ అయితే పెట్రోలు దూరే సన్న రంధ్రాల్లో, అంటే జెట్లలో, జిగురు పట్టదు. పాత బండిలో రబ్బరు గొట్టాలు వేలితో నొక్కితే పెళుసుగా తగులుతాయా, లేక ఉబ్బి మెత్తబడ్డాయా, అది కూడా చూసి మార్చేయండి. తక్కువ ఖర్చు.

కరెంటు ఉంది, పెట్రోలు ఉంది, అయినా సెల్ఫ్ కొడితే ఇంజన్ పొద్దుటికంటే తేలిగ్గా గిరగిరా తిరిగిపోతోంది అనిపిస్తే, అది వాల్వుల సందు. మనవాళ్ల భాషలో ట్యాపెట్ సెట్టింగ్. వాడకంలో సందు క్రమంగా తగ్గుతుంది, వేడికి వాల్వు కాడ సాగి ఆ మిగిలిన సందు కూడా పోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ అదిమిన గాలి ఒత్తిడి) కారిపోతుంది. ఇలాంటి చిన్న ఇంజన్లలో సందు ఎక్కువగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలోని అంకెనే పట్టుకోండి. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) సరిచేయాలి. అరగంట పని. బోర్ చేయించమన్న మెకానిక్ ఈ అరగంట పని చేశాడా అని ఒకసారి అడగండి. చాలామంది చెవితో సెట్ చేస్తారు: టకటక చప్పుడు వినబడకూడదని బిగించేస్తారు. చప్పుడు లేని ట్యాపెట్‌ను నేను నమ్మను. కాస్త చప్పుడు చేసే వాల్వు మూసుకుంటుంది, చప్పుడు చేయనిది కాలిపోతుంది.

మీ తోటను బట్టి ఇంకో అనుమానం ఉంది. మీ ఇంజన్‌కు ఫ్యాన్ ఉండి, చుట్టూ రేకు తొడుగో ప్లాస్టిక్ తొడుగో ఉంటే, దాన్ని విప్పండి. మా దగ్గర ఒక బండి తొడుగు విప్పితే ఇంజన్ రెక్కల మధ్య జీడాకులు, ఎండుగడ్డి, ఎర్రమట్టి కలిసి పిడకలా అచ్చు కట్టి ఉన్నాయి. గాలి దూరే సందే లేదు. అది నలభై నిమిషాలు తిరిగిందంటేనే ఆశ్చర్యం.

గాలి ఫిల్టర్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లోనో సబ్బునీళ్లలోనో ముంచి, మెలిపెట్టకుండా అదిమి పిండి, నీడన ఆరబెట్టి, దోసె పెనానికి పూసినంత పలచగా ఫిల్టర్ ఆయిల్ పట్టించండి. పెట్రోలుతో కడగవద్దు. ఫిల్టర్ దాటాక ఉండే గొట్టంలోకి వేలు పెట్టి తీస్తే వేలికి ఎర్రపొడి అంటుకుందా, మట్టి లోపలికి పోయి సిలిండర్‌ను అరగదీస్తున్నట్టు, అప్పుడు మాత్రం బోర్ మాట ఆలోచించవలసిందే.

ఇక తిరగడం గురించి. మీ జబ్బుకూ దీనికీ సంబంధం ఉంది, అందుకే ముందు అదే. ఎత్తు మీద ఇంజన్ ఆగడం చికాకు మాత్రమే కాదు, ప్రమాదం. మీది బెల్టు బండి. ఇంజన్ ఆగితే క్లచ్ వదిలేస్తుంది, చక్రాలను పట్టి ఉంచేది ఏమీ ఉండదు, బండి వెనక్కు దొర్లుతుంది. దొర్లడం మొదలయ్యాక వెనక బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తే ముందు చక్రాలు లేచి బండి మీద పడుతుంది. కనుక బలం తగ్గుతోందని తెలిసిన క్షణంలోనే, ఇంకా ముందుకు కదులుతుండగానే, రెండు బ్రేకులూ పట్టి ఆపండి. ఒళ్లు ముందుకు వంచి ఉంచండి. పార్కింగ్ బ్రేకు వేసి పక్క నుంచి దిగండి, వెనక నుంచి ఎప్పుడూ కాదు. జబ్బు తేలేదాకా ఆ గుట్ట మీదకు పిల్లలను ఎక్కించుకోకండి. ఒక మనిషి కోసం చేసిన బండి మీద ఆ తర్వాత కూడా ఇద్దరు కూర్చోకూడదు. ఏటీవీని మలుపు తిప్పేది హ్యాండిల్ ఒక్కటే కాదు, మన ఒంటి బరువు కూడా. వెనక ఒకరు పట్టుకుని కూర్చుంటే మీరు పక్కకు వంగలేరు.

మీ బావమరిదిగారికి మోటారు సైకిలు బాగా వచ్చు అన్నారు. ఆయన మీద ఒక కన్నేసి ఉంచండి! మోటారు సైకిలు అలవాటున్నవాళ్లే బండి ఒరిగితే కాలు కింద పెడతారు. ఇక్కడ ఆ కాలి మీదకు వెనక చక్రం ఎక్కుతుంది. మా దగ్గర జరిగిన దెబ్బల్లో సగానికి సగం ఇవే. పాదాలు ఫుట్‌బోర్డు మీదే ఉండాలి, బూట్లు మడమ పైదాకా ఉండాలి. హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు. పదహారేళ్ల లోపు పిల్లలకు 200 సీసీ బండి ఇవ్వవద్దు, ఎంత బతిమాలినా సరే.

టైర్ల గాలి. బండి మీద అతికించిన కాగితంలో ఎంత ఉందో చూడండి; మామూలుగా 3 నుంచి 7 పీఎస్‌ఐ ఉంటుంది, చాలా వాటికి 4, 5. ఇది చదివి పొరపాటు అనుకుంటారు, కాదు. మా కుర్రవాడు ఒకసారి తగరపువలస దారిలో పంక్చర్ షాపులో గాలి కొట్టించుకొచ్చాడు. షాపాయన అలవాటు కొద్దీ 30 కొట్టాడు. నాలుగు టైర్లూ మృదంగాల్లా బిగిసి, చిన్న రాయి తగిలినా బండి ఎగిరింది. ఎక్కినవాడు దిగి దండం పెట్టాడు. అంత తక్కువ గాలిని మామూలు గేజు చూపించదు. 10 లోపు కొలిచే చిన్న గేజు కొనుక్కుని, సైకిలు పంపుతో కొట్టుకోండి.

దిగేటప్పుడు బరువు వెనక్కు, రేసు కొద్దిగా ఉంచి, బ్రేకు మెల్లమెల్లగా. రేసు పూర్తిగా వదిలితే బెల్టు బండి తటాలున వదిలేసి జారిపోతుంది. వాగు దాటవలసివస్తే ముందు నడిచి చూడండి, నీళ్లు ఫుట్‌బోర్డు అందుకుంటాయనిపిస్తే వెనక్కి తిరగండి. బెల్టు తడిస్తే ఇంజన్ అరుస్తుంది గాని బండి కదలదు. అప్పుడు కంగారు పడి ఇంకో జబ్బు వెతకవద్దు, ఆరబెట్టండి.

ఎక్కడ తిరగాలి అన్నారు. మీ తోట, మీ పక్క తోటలవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల గట్ల వెంబడి బండిదారులు, అంతే. ఇలాంటి బండ్లలో చాలా వాటికి రోడ్డు మీద తిరగడానికి రిజిస్ట్రేషన్ ఉండదు, బీమా వర్తించదు. భీమిలి దాకా తీసుకెళ్లాలన్నా ట్రాలీ ఆటోలో ఎక్కించుకోవలసిందే. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల ఊసు ఎత్తవద్దు. ఆ దిబ్బలు వేల ఏళ్ల నాటివి; 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. ఒక్క చక్రం గాడి పడితే వచ్చే వానకు అది కాలువవుతుంది. కంబాలకొండ అభయారణ్యం, అక్కడికి బండి తీసుకెళ్లే మాటే లేదు. ఇసుకలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, కాబట్టి సంక్రాంతి బీచ్ ఆలోచన కూడా మానుకోండి. ఒకవేళ అరకు వైపు ఎవరిదైనా తోటకు తీసుకెళితే, అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు. గాలి పలచబడి మీ కార్బురేటర్‌కు పెట్రోలు ఎక్కువైనట్టవుతుంది, బలం పదో వంతు తగ్గుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. అది జబ్బు కాదు.

నన్నడిగితే పొద్దున ఆరుగంటలకు బయలుదేరి తొమ్మిదికల్లా తిరిగి రండి. గాలితో చల్లబడే ఇంజన్‌కు మధ్యాహ్నం ఎండలో, నడక వేగంతో ఎత్తు ఎక్కడమే పెద్ద శిక్ష. పొద్దుటిపూట మంచులో తాటిచెట్ల మధ్య మెల్లగా, ఇంజన్ టుకుటుకుమంటూ పోతుంటే కలిగే సుఖం వేగంలో ఉండదు. ఫిబ్రవరిలో జీడిపూత వాసనకు ఇంజన్ ఆపేసి కూర్చుంటారు, చూడండి. అప్పుడు అది మీ ఇష్టంతో ఆగినట్టు!

ఆదివారం వెళ్లి వచ్చాక మూడు సంగతులు రాయండి: మూత తిప్పితే చప్పుడు వచ్చిందా లేదా, ప్లగ్ చివర నిప్పురవ్వ ఏ రంగులో ఉంది, సీసా అడుగున ఏమి కనబడింది. వేడి తగ్గాక ఇంజన్‌లోని ప్లగ్ కూడా విప్పి, తుడవకుండా ఫొటో తీసి పెట్టండి. నీడలో తీయండి, ఎండలో తీస్తే తెల్లగా కాలిందో, గోధుమరంగులో ఉందో తెలియదు.